పదిహేడో పలక

నలభై ఏళ్ళుగా ఉంగరాల్లో రాళ్ళు పొదుగుతున్నాను. ఈ నలభై ఏళ్ళలో నా గదికి వచ్చినవాళ్ళంతా రాయి ఎంత మెరుస్తుంది, ఎన్నాళ్ళుంటుంది, ఊడి పడిపోదు కదా అనే అడిగారు. "దీన్ని ఎవరు కోశారండీ?" అని అడిగింది ఒక్కడే. అతను మా ఇంటికి కాబోయే అల్లుడు. బడిలో భూగోళం పాఠాలు చెబుతాడు కాబట్టి నేను అతన్ని భూగోళం అనే పిలుస్తాను, వెనకాలే కాదు, ఎదురుగా కూడా. అతను నొచ్చుకోడు. నొచ్చుకోవడం తెలియని మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో నాలాగా ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

నా పని గది మెట్ల కింద ఉంది. పొడుగు మనిషి కావడంతో వచ్చిన ప్రతిసారీ గుమ్మానికి తల కొట్టుకుంటాడు. ఆ రోజు కూడా కొట్టుకున్నాడు. నుదురు రుద్దుకుంటూ సంచిలోంచి బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి తీసి నా బల్ల మీద, లక్క ముద్దల మధ్య, తెరిచి పెట్టాడు. పేజీకి గళ్ళు గీసి ఉన్నాయి. తవ్వినవారు, కోసినవారు, అమ్మినవారు, పొదిగినవారు అని పైన రాసుకున్నాడు. కింద అంతా ఖాళీ.

"ఏమిటిది, రాయికి జాతకం రాస్తున్నావా?" అన్నాను.

"తను పెట్టిన షరతు అత్తయ్యగారూ. ఎవరి దగ్గూ వినబడని రాయి అయితేనే పెట్టుకుంటుందట. లేకపోతే ఉత్త ఉంగరం చాలంటోంది. నిశ్చితార్థానికి ఇంకా మూడు వారాలుంది కదా, వెతుకుదాం అన్నాను."

తను అంటే నా మేనకోడలు, మా తమ్ముడి ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పటి నుంచీ దాన్ని కందిరీగ అంటాం. ఎందుకని ఎవరూ అడగరు, రెండు నిమిషాలు మాట్లాడితే అర్థమైపోతుంది. ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో దాని ఉద్యోగం. వచ్చిన రోగుల చేత ఒక గొట్టంలోకి ఊపిరి ఊదించి, ఎవరి ఊపిరితిత్తులకు ఎంత బలం ఉందో కొలుస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా" అని అరిచి అరిచి ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడుతుంది.

ఆ ఉద్యోగంలో అది చేరడానికి కారణం మా తమ్ముడు. వాడు ఇరవై రెండేళ్ళు సాన కొట్టులో పని చేశాడు. ముడి రాయిని తిరిగే చక్రానికి ఆనించి అరగదీసి, ఒక్కో వైపూ చదును చేసి మెరుపు తెప్పించే పని. అలా చదును చేసిన ఒక్కో ముఖాన్ని మేము పలక అంటాం. వాడిది పుర్రచేతి వాటం. అయినా వాడి చేతి రాయి మెరుపు వేరే వాళ్ళకు వచ్చేది కాదు. పని అయ్యాక రాయిని పెదవుల దగ్గర పెట్టుకుని హా అని ఊపిరి వదిలి చూసేవాడు. గాజు అయితే ఆవిరి మసక నిలుస్తుంది, అసలు రాయి అయితే చిటికెలో పోతుంది. ఆ పనికి ఇప్పుడు పరికరాలున్నాయి గానీ వాడికి తన ఊపిరి మీదే నమ్మకం.

ఆరేళ్ళ కిందట ఆ ఊపిరి మొరాయించింది. లోపల రాతిపొడి పేరుకుపోయిందన్నారు, ఇక దుమ్ము దగ్గరికి వెళ్ళొద్దన్నారు. ఇప్పుడు కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. వీధి చివరి వరకు వెళ్ళాలంటే దారిలో రెండుసార్లు ఆగుతాడు. కందిరీగ వాడి కోసం ఇంటికి ఒక చిన్న గొట్టం తెచ్చింది. రోజూ ఊదమంటే వాడు ఇప్పుడే టీ తాగానంటాడు, ఇప్పుడే లేచానంటాడు, రేపు చూద్దామంటాడు. తన ఊపిరి ఎంతుందో అంకెల్లో చూసుకోవడం వాడికి ఇష్టం లేదు.

ఆ కొట్టులో వాణ్ణి చేర్పించింది నేను. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. వాళ్ళకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. చక్రం మీద సన్నగా నీళ్ళు పడుతూ ఉంటే పొడి పైకి లేవదు. ఆ కొట్టు యజమాని నీళ్ళ వల్ల బురద పట్టి పలక కనబడటం లేదని, పని నెమ్మదిస్తోందని గొట్టాలు కట్టేయించాడు. అది నాకు మొదటి ఏడాదే తెలుసు. మా తమ్ముడు కనుబొమల మీద పిండి చల్లుకున్నట్టు ఇంటికి రావడం చూశాను. అడగలేదు. అప్పట్లో నాకు పొదిగే పని ఇస్తున్నది కూడా ఆ యజమానే.

అందుకే భూగోళం నోటుపుస్తకం చూస్తే నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు. అతను అడిగింది నేను అడగాల్సిన ప్రశ్న కాబట్టి.

సరే పదమని అతని వెంట దుకాణాలు తిరిగాను. మొదటి దుకాణంలో కుర్రది నవ్వు మొహంతో పెట్టెలన్నీ తెరిచింది. రాయి ఎక్కడిదంటే మంచి చోటిదే అంది. ఎవరు కోశారంటే మంచివాళ్ళే అంది. ఆ పిల్లను అని లాభం లేదు, తనకు చెప్పింది తను చెబుతోంది. రెండో దుకాణంలో పెద్దాయన మా వ్యాపారుల మధ్య నమ్మకమే ముఖ్యమన్నాడు. ఎవరి నమ్మకం అని భూగోళం మర్యాదగా అడిగాడు. ఆయన నీళ్ళు నమిలి, లోపలికి ఫోన్ చేసి, వాళ్ళు ఇంకెవరికో చేసి, చివరికి గంట తర్వాత మాకు కూల్‌డ్రింకులు వచ్చాయి గానీ జవాబు రాలేదు.

మూడో చోట యంత్రంలో పెంచిన రాళ్ళున్నాయి. గని లేదు, తవ్వకం లేదు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఇదిగో, దీనికి దగ్గెక్కడిది? తీసుకో, ఇంటికి పోదాం. నా కాళ్ళు నావి కాకుండా పోయాయి" అన్నాను.

"యంత్రంలోంచి ఇలా పలకలతోనే బయటికొస్తుందా అత్తయ్యగారూ?"

రాదు. దాన్ని కూడా ఎవరో ఒకరు చక్రానికి పెట్టాల్సిందే. ఎవరు, ఎక్కడ, నీళ్ళతోనా పొడిగానా అంటే ఆ దుకాణంవాళ్ళూ చెప్పలేకపోయారు. భూగోళం కోసినవారు అనే గడిలో చిన్న సున్నా చుట్టి పుస్తకం మూశాడు. రెండు వారాల్లో అలాంటి సున్నాలు పేజీ నిండా చేరాయి.

ఇంతలో ఒక సాయంత్రం తమ్ముణ్ణి చూడటానికి వెళితే ఇంట్లో వాడొక్కడే ఉన్నాడు. మా మరదలు తన కుట్టు పని నుంచి ఇంకా రాలేదు. వాడు నాకు టీ పెడతానని లేచి, నేను కసిరితే మళ్ళీ కూర్చున్నాడు.

"రాయి దొరికిందా అక్కా?"

"ఎక్కడ్రా. మీ అల్లుడు భూగోళమంతా తిప్పుతున్నాడు నన్ను."

వాడు నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"దొరక్కపోతే ఉత్త ఉంగరం పెట్టుకుంటుందట. నా కోసమే అంటోంది. నాకు మాత్రం ఎలా ఉందో తెలుసా? ఇరవై రెండేళ్ళు నేను ఆ పనే చేశాను. నాకొచ్చింది అదొక్కటే. నా కూతురే రాయి ముట్టుకోనంటే ఆ ఇరవై రెండేళ్ళూ నేనేదో తప్పు పని చేసినట్టేగా. ఒక్క రాయక్కా. చిన్నదైనా సరే. దాని వేలికి ఉంటే చూడాలనుంది. దానికి చెప్పకు, బాధపడుతుంది."

నేను చెప్పలేదు. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా కందిరీగను తిట్టుకున్నాను. ఆ తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. అది తండ్రి మీద ప్రేమతో వద్దంటోంది, వాడు కూతురి మీద ప్రేమతో కావాలంటున్నాడు. మధ్యలో ఏదో ఒకటి దొరక్కపోతే ఎవరో ఒకరి మనసు విరుగుతుంది.

నిశ్చితార్థం ఆరు రోజుల్లో ఉందనగా భూగోళం నా గుమ్మానికి తల కొట్టుకుని, నవ్వుతూ లోపలికి వచ్చాడు. చేతిలో ఒక పాత ఉంగరం. పాత నగలు అమ్మే దుకాణంలో దొరికిందట. అరిగిపోయిన ఉంగరంలో తేనె రంగు రాయి, చింతగింజలో సగం ఉంటుంది.

"ఇది ఎప్పుడో కోసింది. దీనికోసం కొత్తగా ఎవరూ తవ్వక్కర్లేదు, ఎవరూ పొడి పీల్చక్కర్లేదు. తనకి చూపించాను, సరేనంది. మీరు దీన్ని విప్పి కొత్త ఉంగరంలో పొదిగి ఇస్తే చాలు. మామయ్యగారికి ఇంకా చెప్పలేదు. పొదిగాక ఒకేసారి చూపిద్దాం."

నాకు గుండెల మీది బరువు దిగింది. అతనికి నా డబ్బాలోని జంతికలన్నీ పెట్టి పంపేశాను. తలుపు దగ్గరికి వేసి, ఉంగరాన్ని లక్కలో బిగించి, కొక్కేలు పైకెత్తి రాయిని బయటికి తీశాను. తుడిచి, భూతద్దం కన్నుకు పెట్టుకుని, అలవాటుగా వెనక వైపు పలకలు లెక్కపెట్టాను.

పదిహేడు ఉన్నాయి.

ఆ రకం కోతలో వెనక పదహారే ఉండాలి. మళ్ళీ లెక్కపెట్టాను. నడుము అంచున, రెండు పలకల మధ్య, వెంట్రుకంత సన్నని పలక ఒకటి ఎక్కువుంది. మా తమ్ముడు పుర్రచేత్తో రాయిని అందరికీ ఎదురు దిక్కున తిప్పేవాడు. తిప్పి తిప్పి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి అక్కడ గోరంత మిగిలేది. ఆ మిగిలినదాన్ని ఒక్క స్పర్శతో సన్నని పలకగా మార్చేవాడు. కొట్టులో మిగతావాళ్ళు దాన్ని తప్పు అనేవారు. వాడు మాత్రం, కనబడని చోట ఉందిలే అనేవాడు. అలాంటివి వందల కొద్దీ నా చేతుల మీదుగా వెళ్ళాయి. చీకట్లో తడిమినా గుర్తుపట్టగలను.

ఇరవై రెండేళ్ళలో వాడు కోసిన రాళ్ళు ఎన్ని వేళ్ళ మీద తిరుగుతున్నాయో. అందులో ఒకటి తిరిగి ఇంటికి రావడం వింతేమీ కాదు. కానీ ఎవరి దగ్గూ వినబడకూడదని ఆ పిల్ల వెతికింది. వెతికి వెతికి తండ్రి దగ్గునే తెచ్చుకుంది.

ఇక్కడ నేను చేసింది చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను. రాయిని వెనక వైపు తెరిచి పొదగొచ్చు, సన్నని బంగారు రేకుతో మూసి కూడా పొదగొచ్చు. మూస్తే పై పలకలు తప్ప ఏమీ కనబడవు. నేను మూసి పొదిగాను. పిల్లకు రాయి దక్కుతుంది, తమ్ముడి కోరిక తీరుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు, ఇందులో తప్పేముంది అని రెండు రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పని మాత్రం బాగా కుదిరింది. అబద్ధం చెప్పేటప్పుడు మనిషికి చెయ్యి భలే తిన్నగా ఉంటుంది.

ఆదివారం పొద్దున భూగోళం వచ్చాడు. ఉంగరం చూసి మురిసిపోయి, నోటుపుస్తకం తీశాడు. ఆ రాయి కోసం కొత్త పేజీ మొదలుపెట్టాడు. తవ్వినవారి గడి ఖాళీ. కోసినవారి గడి ఖాళీ. అమ్మినవారి గడిలో పాత నగల దుకాణం. పుస్తకం నా వైపు తిప్పి, కలం నా చేతికిచ్చాడు.

"పొదిగినవారి గడి మీ చేత్తో నింపండి అత్తయ్యగారూ. ఇదొక్కటన్నా ఖాయంగా తెలుసు మనకి."

కలం పట్టుకున్నాను. నా పేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఖాళీగా ఉన్న కోసినవారి గడి కళ్ళ ముందే కనబడుతోంది. నలభై ఏళ్ళలో ఒక్కడు అడిగాడు, అతని ముందు కూడా నోరు మూసుకుంటే ఇక నాకు ఆ నోరు ఎందుకనిపించింది.

"ఆ కోసినవారి గడి కూడా నింపాలి. పద, మా తమ్ముడింటికి" అని నా పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాను.

మేము వెళ్ళేసరికి తమ్ముడు కిటికీ దగ్గర ఉన్నాడు. కందిరీగ పక్కన కూర్చుని ఆసుపత్రి బట్టలు మడత పెడుతోంది. ఉంగరం చూసి దాని మొహం విప్పారింది. వేలికి పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ముందు నా మాట విను. విన్నాక నీ ఇష్టం."

నిలబడే చెప్పాను. పదిహేడో పలక సంగతి చెప్పాను. మూసి పొదిగిన సంగతి చెప్పాను. ఇక మొదలుపెట్టాను కదా అని, నీళ్ళ గొట్టాలు కట్టేశారని నాకు మొదటి ఏడాదే తెలుసన్నది కూడా చెప్పాను. పని పోతుందని నోరెత్తలేదని చెప్పాను. ఆ మాట ఇరవై ఎనిమిదేళ్ళుగా గొంతులో ఉంది.

కందిరీగ నా వైపు చూడలేదు. ఉంగరాన్ని బల్ల మీద, తనకు దూరంగా పెట్టింది.

"నేనిది పెట్టుకోలేను" అంది మెల్లగా. దాని గొంతు అంత మెల్లగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

తమ్ముడు చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వక్కా. వెనక తెరువు."

సన్న ఉలి తీసి రేకును విప్పి, రాయి తీసి వాడి అరచేతిలో పెట్టాను. నా భూతద్దం లాక్కుని కిటికీ వెలుతురుకు తిరిగాడు. చాలాసేపు చూశాడు. వాడి భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"చూడవే, ఎంత సన్నగా వచ్చిందో. దగ్గు మొదలయ్యాక చెయ్యి అదిరేది, ఈ పలక లావెక్కిపోయేది. ఇది ముందుది. నువ్వు పుట్టిన కొత్తల్లోది అయుండాలి. అప్పుడు నేను మెట్లు రెండేసి ఎక్కేవాణ్ణి."

"ఇలాంటివి చేస్తూనే కదా నాన్నా నీ ఊపిరి పోయింది."

"పోయింది. కాదన్నానా? నీళ్ళు ఆపడం తప్పే. మీ అత్తకి తెలుసు, అడగలేదు. నాకూ తెలుసు, అక్కడే కూచున్నాను, నేనూ అడగలేదు. అది తప్పు. ఇది తప్పు కాదమ్మా, ఇది నా పని." రాయిని వేళ్ళ మధ్య తిప్పాడు. దగ్గు వచ్చింది, ఆగాడు, మళ్ళీ అందుకున్నాడు. "దగ్గు లేని రాయి కోసం రెండు వారాలు తిరిగారు. దొరికిందా? దగ్గు ఎవరిదో తెలిసిన రాయి దొరికింది. నువ్వు ఇది పెట్టుకుంటే, ఎవరు కోశారని ఎవరైనా అడిగితే చెప్తావు. పెట్టుకోకపోతే ఎవరూ అడగరు. ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు."

భూగోళం నోటుపుస్తకం తెరిచి తమ్ముడి ఒళ్ళో పెట్టాడు. తమ్ముడు ఆ గళ్ళను చదివాడు. కోసినవారు అన్న చోట వేలు ఆగింది. కలం పుర్రచేతిలోకి తీసుకుని తన పేరు రాశాడు, ఇంటిపేరుతో సహా, గడి దాటి పక్క గడిలోకి పోయేలా. వాడు అంత పెద్ద అక్షరాలు రాయడం నేనెన్నడూ చూడలేదు. పొదిగినవారి గడిలో నా పేరు నేను రాశాను. చిన్నగానే రాశాను.

కందిరీగ ఆ పేజీని చాలాసేపు చూసింది. చూసి చూసి కళ్ళు తుడుచుకుంది.

"నాన్నా, ఆ కొట్టు ఇంకా నడుస్తోందా?"

"నడుస్తోంది. ఇరవై మంది దాకా ఉంటారు."

"నీళ్ళు?"

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"అయితే రేపు నా గొట్టం పట్టుకుని వెళ్తాను. అందరి చేతా ఊదిస్తాను. ఆ అంకెలు పట్టుకుని మా డాక్టర్లని తీసుకెళ్తాను, నీళ్ళు ఎందుకు రావో చూస్తాను." అప్పుడు నా వైపు తిరిగింది. నేను నిజం చెప్పాక మొదటిసారి నన్ను కందిరీగలా చూసింది. "నువ్వూ వస్తున్నావత్తా. అప్పుడు అడగంది రేపు అడుగుదువుగాని."

"వస్తాను" అన్నాను. భయం వేసింది. భయంతో పాటు ఇంకేదో కూడా వేసింది, చాలా ఏళ్ళ తర్వాత తలుపు తీసిన గదిలో గాలి వచ్చినట్టు.

"తవ్వినవారి గడి ఖాళీగా ఉంది" అన్నాడు భూగోళం, తప్పు చేసిన పిల్లాడిలా.

"ఉండనీ" అంది అది. "అది కూడా కనుక్కుందాం. పెళ్ళయ్యాక మనకి వేరే పనేముంది." అని ఎడమ చెయ్యి తండ్రి ముందుకు చాపింది. "అత్త మళ్ళీ పొదుగుతుంది, వెనక మూయకుండా. ముందు ఉత్త రాయి నా వేలి మీద పెట్టి చూపించు. ఎలా ఉంటుందో చూద్దాం."

"ఆగు, ఆగు. పాత నగల దుకాణం సరుకు. ఎవడన్నా గాజుముక్క అంటగట్టాడేమో చూడొద్దూ" అన్నాడు తమ్ముడు.

వాడి చేతి రాయే అని ఇప్పుడే చూశాడు. అయినా పెదవుల దగ్గర పెట్టుకుని, భుజాలు పైకెత్తి, హా అని ఊపిరి వదిలాడు. తేనె రంగు మసకేసింది. చిటికెలో మళ్ళీ తేటపడింది.

కందిరీగ రాయిని చూడలేదు. ఆసుపత్రిలో గొట్టం పట్టుకున్నప్పుడు రోగి ఛాతీని చూసినట్టు వాడి ఛాతీనే చూస్తోంది.

"ఇంకోసారి నాన్నా" అంది. "ఇంకా. ఇంకా."

వాడు మళ్ళీ ఊదాడు. ఇప్పుడే టీ తాగానని అనలేదు.